ఏడ్చినంక చెప్పాల్సిన మాట

గాజు తలుపు అవతల దీక్షిత పెదవులు కదులుతున్నాయి. ఇవతల, ఆ పిల్ల తండ్రి కట్టయ్య మక్క కంకుల సంచి కాళ్ల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. ఇద్దరికీ మధ్యన కల్యాణి నిలబడి ఉంది. గోడ గడియారంలో రెండూ ముప్పై ఆరు. మూడున్నర దాకా ఇంటర్వ్యూ ఉంటుందని మెయిల్లో రాశారు. జనగామ బస్టాండు ఎదురుగా మేడ మీద, విదేశీ చదువులకు పిల్లల్ని పంపే ఈ ఆఫీసులో ఆరేళ్లుగా పనిచేస్తున్న మనిషికి ఒక గంట ఒక లెక్కా? ఎన్ని ఇంటర్వ్యూలు చూడలేదు, ఎంతమందిని ధైర్యం చెప్పి ఆ గదిలోకి తోయలేదు! కానీ ఈ గంట అలాంటిది కాదు. ఐర్లాండ్‌లో ఇప్పుడు పొద్దున్న పది దాటింది. అక్కడ మేరియన్ అనే ఒకావిడ ఈ పిల్ల ఫైలు తెరిచి పెట్టుకుని ఉంటుంది. ఆ ఫైల్లో రెండో పేజీలో, మూడో పేరాలో, కట్టయ్య చచ్చిపోయాడు. ఇక్కడేమో కట్టయ్య తువ్వాలతో మెడ తుడుచుకుని, పైన తిరుగుతున్న ఫ్యాను వంక మెచ్చుకోలుగా చూస్తున్నాడు. ఆయన్ని కాగితం మీద చంపింది కల్యాణే, ఈ చేతులతోనే, ఈ ఆఫీసు కంప్యూటర్ మీదే, ఒక మధ్యాహ్నం టీ తాగుతూ తాగుతూ చంపింది.

ఈయన వస్తాడని ఎవరనుకున్నారు? పిల్లకు అన్నీ చెప్పింది. కెమెరా కళ్లలోకి చూడు, తల అడ్డంగా ఊపకు, వాళ్లకది అవునో కాదో అర్థం కాదు, మాటమాటకీ మేడం అనకు, ఆలోచించుకోవడానికి రెండు సెకన్లు ఆగు, మీ నాన్న మాట వస్తే కళ్లు దించి చాలా కష్టంగా గడిచిందని ఒక్క వాక్యం చెప్పి వేరే మాటలోకి పో. అన్నీ చెప్పింది గానీ నాన్నను వెంట తీసుకురావద్దని చెప్పాలని తోచలేదు. వాళ్ల ఊరు మహదేవపూర్‌లో నెట్ సరిగా రాదు, ఇక్కడికే రమ్మంటే పిల్ల ఒక్కతే వస్తుందనుకుంది. తీరా మెట్ల మీద రెండు జతల చెప్పుల చప్పుడు. ముందు కూతురు, వెనకాల తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చిన తండ్రి. ఇంటర్వ్యూ మొదట్లో గదంతా తిప్పి చూపించమంటారు, ఎవరైనా పక్కన కూర్చుని జవాబులు అందిస్తున్నారేమోనని. గాజు గోడ అవతల ఆయన కనపడితే? ఆ భయంతోనే ఆయన్ని స్తంభం వెనకాల కుర్చీలోకి జరిపింది. "జర ఇటు కూసోన్రి అంకుల్, గక్కడ గాలి తగలది" అంది. ఆయన లేచి, సంచి ఎత్తుకుని, చెప్పినచోట బుద్ధిగా కూర్చున్నాడు. చచ్చిపోయినవాణ్ణి ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాడు. అంకుల్ అనడానికి నోరొచ్చింది గానీ ఆ వయసు మనిషిని అందరూ పిలిచినట్టు బాపూ అని పిలవడానికి మాత్రం ఎప్పటిలాగే నోరు రాలేదు.

"పొద్దుగాల మొదటి బస్సు ఎక్కినం మేడం" అన్నాడు కట్టయ్య, ఎవరో అడిగినట్టు. "భూపాలపల్లి దాటంగనే పానం పోయినంత పనైంది. బొగ్గు లారీ అడ్డమొచ్చింది. గింత సందు. గింతే. డ్రైవరు బస్సును మట్టిలకు దింపిండు గని, లేకుంటే గీ కంకులు మీదాంక రాకపోవు." వేళ్లతో సందు ఎంతుందో చూపించి నవ్వాడు. కల్యాణి కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది. భూపాలపల్లి దారిలో బొగ్గు లారీ. ఆమె రాసింది అదే. ట్రాక్టర్ బోల్తా అనో ఇంకోటనో రాయకుండా, ఆ ప్రాంతానికి అతికినట్టుంటుందని, బొగ్గు లారీ గుద్దిందని రాసింది. ఈయనకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు, మరి ఆ లారీకి ఎలా తెలిసింది? తెలియదు, తెలియదు, ఆ రోడ్డు మీద రోజుకు వందల బొగ్గు లారీలు తిరుగుతాయి, ప్రతి బస్సుకూ ఒకటి అడ్డం వస్తుంది.  మంచినీళ్లిచ్చింది ఆయనకు. గుటకలు వేస్తుంటే గొంతు మీద ఎముక పైకీ కిందికీ కదలడం చూసింది. బతికే ఉన్నాడు.

రెండూ నలభై మూడు. లోపల దీక్షిత చేతులు తిప్పుతూ ఏదో చెబుతోంది, చేతులు తిప్పొద్దని కూడా చెప్పింది. మంచి పిల్ల. నర్సింగ్ చదివింది, ప్రజారోగ్యం మీద పెద్ద చదువు చదవాలని ఆశ. ఫీజు మొత్తం మాఫీ అయ్యే స్కాలర్‌షిప్ ఒకటుంది, ఏడాదికి ఇద్దరికి ఇస్తారు, ఇంటి నుంచి మొదటిసారి కాలేజీ మెట్లెక్కిన పిల్లలకు. అది రాకపోతే ఈ పిల్ల ఎక్కడికీ పోదు, అంతే. మొదట తనే ఒక పేజీ రాసుకొచ్చింది, తడబడే ఇంగ్లీషులో. వానాకాలం వాగు పొంగి ఊరికి దారి తెగిపోతే, నొప్పులు పడుతున్న ఒకామెను మంచం మీద పడుకోబెట్టి, కట్టయ్యా ఇంకో ముగ్గురూ భుజాల మీద ఎత్తుకుని వాగు దాటించారట. తను పక్కన నడుస్తూ సెలైన్ సీసా తలకంటే పైకి ఎత్తి పట్టుకుందట. చెయ్యి లాగి లాగి నొప్పి పుట్టింది కానీ దించలేదు అని రాసింది. ఆఫీసు యజమాని నరేందర్ ఆ పేజీ చదివి మూతి విరిచాడు. "బాగనే ఉంది గని ఇందుల ఏడుపేది? తండ్రి ఉన్నడు, తల్లి ఉన్నది, అందరు బాగున్నరు. కథ లేకుంటే స్కాలర్‌షిప్ ఎవడిస్తడు కల్యాణీ? నువ్వు రాయి. ఆ వేణుకు రాసినవ్ చూడు, గట్ల రాయి" అన్నాడు. ఆ పేరు వినగానే కల్యాణి మొహం పక్కకు తిప్పుకుంది. అయినా రాసింది. ఎందుకు రాసింది? నెల జీతం మనిషి, పైగా గడువు మూడు రోజులే ఉంది, అవన్నీ సాకులు. నిజం చెప్పాలంటే ఆ పేరా రాయడం తనకు అలవాటైపోయింది. రాసినంతసేపూ కాస్త ప్రాణం కుదుటపడుతుంది.

వేణు ఫోటో ఎదురుగా గోడ మీదే ఉంది, వీసా వచ్చిన పిల్లల వరసలో, పాస్‌పోర్టు గుండెల దగ్గర పట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ. చిల్పూర్ పిల్లవాడు. వాళ్ల నాన్న పాపయ్య ఆఫీసుకు ఒకసారి వచ్చాడు, గుట్ట మీది వెంకన్న ప్రసాదం తెచ్చి అందరికీ తలా కాస్త పెట్టాడు. ఆ ప్రసాదం తిన్న నోటితోనే కల్యాణి ఆయన్ని ట్రాక్టర్ కింద పడేసి చంపింది. సీటొచ్చింది, పిల్లవాడు బ్రిటన్ వెళ్లాడు, అందరూ స్వీట్లు తిన్నారు. ఆ కాగితం రాసిన ఎనిమిది నెలలకు, ఈ జనవరిలో, పాపయ్య నిజంగానే పోయాడు. ట్రాక్టరూ కాదు ఏమీ కాదు, పొద్దున లేవలేదు. వేణు సెలవు కోసం యూనివర్సిటీకి రాస్తే వాళ్లు ఫైలు తీసి చూశారట. మీ నాన్నగారు మూడేళ్ల కిందటే పోయారని మీరే రాశారు కదా, ఇప్పుడెవరు పోయారు అని మర్యాదగానే అడిగారట. ఏదో పొరపాటు రాతని సర్దిచెప్పి సెలవు ఒప్పించేసరికి నాలుగు రోజులు. అప్పటికి ఇక్కడ అన్నీ అయిపోయాయి. వేణు ఫోన్ చేసి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అక్కా, మా బాపు పోయిండంటే నమ్ముతలేరు" అన్నాడు, చిన్నపిల్లవాడి గొంతుతో. కల్యాణి ఫోను చెవి దగ్గర పెట్టుకునే బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పింది. నమ్మకపోవడం ఎలా ఉంటుందో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

రాస్తే చస్తారా మనుషులు? చావరు. అలాంటి మాటలు నమ్మకూడదనే కదా అంత చదువు చదివింది. కానీ పాపయ్య పోయాడు. ఈవేళ బొగ్గు లారీ గింత సందులో తప్పింది. సందు ప్రతిసారీ ఉంటుందా? కిటికీ అవతల సజ్జా మీద ఒక కాకి వాలింది. ముక్కు సిమెంటుకు రుద్దుకుంటోంది, అటు రుద్దీ ఇటు రుద్దీ. పో, పో అని కల్యాణి చేత్తో అదిలించింది, గాజుకు ఇవతల నుంచి. అది తల పక్కకు వంచి చూసింది తప్ప కదల్లేదు. వద్దు, ఇప్పుడు కాకి వద్దు, ఇవాళ వద్దు.

నర్సింహులపేట దగ్గర కల్యాణి వాళ్ల తండాలోనే కాదు, చుట్టుపక్కల ఊళ్లన్నిటా ఒక నమ్మకం ఉంది. కాకి వచ్చి మనిషి నెత్తిన తన్నిందంటే చావు చుట్టుపక్కల తిరుగుతోందని. దానికి విరుగుడు కూడా వాళ్లే కనిపెట్టారు. దూరాన ఉన్న సొంత మనిషికి చావు కబురు పంపాలి, ఫలానావాడు పోయాడని. ఆ మనిషి నిజమనుకుని మనసారా ఏడవాలి. ఏడుపు విని చావు తన పని అయిపోయిందనుకుని వెళ్లిపోతుంది. కల్యాణి మానుకోట హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న రోజుల్లో, వాళ్ల బాపు తావుర్యాను మోటరు దగ్గర కాకి తన్నింది. అన్న అమర్‌సింగ్ హాస్టల్‌కు ఫోన్ చేశాడు. వాళ్ల ఇంటి భాషలో రెండే మాటలు చెప్పాడు, బాపు పోయాడు, రా. ఎలా వెళ్లిందో తెలియదు, ఒక కాలికి చెప్పు ఉందో లేదో తెలియదు, బస్సులో పక్క సీటు ముసలమ్మ తన కొంగుతో ఈమె ముక్కు తుడిచింది. తండాలో దిగితే జనం లేరు, డప్పు లేదు. నులక మంచం మీద బాపు కూర్చుని జొన్నరొట్టెలో ఎర్రకారం నంజుకుని తింటున్నాడు. యాడి అని పిలుచుకునే అమ్మ, వదినలు, అమర్‌సింగ్ అందరూ ఒక్కసారి గొల్లుమని నవ్వారు. "ఏడ్చినావా బిడ్డా, మంచిగ ఏడ్చినావా" అని బాపు సంబరంగా అడిగాడు, రొట్టె ముక్క చేతిలో పట్టుకుని. తండా మొత్తంలో తనకోసం అందరికంటే ఎక్కువ ఏడ్చేది ఈ బిడ్డేనని ఏరి కోరి ఈమెకే పంపించాడట కబురు. అది ఎంత ప్రేమో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలిసింది ఒక్కటే, మర్నాటి ఫిజిక్స్ ప్రాక్టికల్ పోయిందని. ఒళ్లు మండిపోయి, పదిహేడేళ్ల పొగరంతా నోట్లోకి తెచ్చుకుని, ఇక నువ్వు నిజంగా చచ్చినా నేను రాను పో అంది. దానికీ నవ్వాడు ఆయన.

నలభై రోజులు కూడా కాలేదు. జువాలజీ పరీక్ష రోజు పొద్దున, మళ్లీ అమర్‌సింగ్ గొంతు, మళ్లీ అవే రెండు మాటలు. మళ్లీ కాకి తన్నిందా అని అడిగి ఫోన్ పెట్టేసింది. మళ్లీ మోగింది. మళ్లీ మోగింది. "అబద్ధం మేడం, మా తండాల గట్లనే చేస్తరు" అని వార్డెన్‌కు నవ్వుతూ చెప్పి, పెన్నులు రెండు తీసుకుని పరీక్షకు పోయింది. తడి చేత్తో మోటరు స్టార్టర్ ముట్టుకున్నాడు బాపు. ఆమె వానపాము బొమ్మ గీసి భాగాలు గుర్తిస్తున్న వేళకు ఆయన్ని కడిగారు, కట్టె పేర్చారు, బిడ్డ వస్తుందని సాయంత్రం దాకా చూశారు. ఆ పేపర్లో అరవైకి యాభై ఎనిమిది వచ్చాయి. మూడో రోజు అమర్‌సింగే హాస్టల్ గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు, గుండుతో. ఆ గుండు చూశాక కూడా ఆమెకు ఏడుపు రాలేదు. వెళ్లి బూడిద చూసినా రాలేదు. ఒకసారి మనసారా ఏడ్చేసింది కదా, ఇంకెక్కడిది? పదకొండేళ్లుగా రాలేదు. రాసే వ్యాసాల్లో మాత్రం ఒక వాక్యం ఉంటుంది, వేణుకూ అదే, దీక్షితకూ అదే, ఒక్క అక్షరం మార్చలేదు. నాన్న చెయ్యి చల్లబడే దాకా నేను పట్టుకునే కూర్చున్నాను అని. ఎంత బాగా రాశావని నరేందర్ ఆ వాక్యం దగ్గరే మెచ్చుకుంటాడు.

మూడూ రెండు. ఫోన్ మోగుతోంది. ఎవరిది? కట్టయ్య చొక్కా జేబులో మోగుతోంది. ఆయన తియ్యడేం? కల్యాణి స్తంభం పక్కకు వచ్చి చూసింది. కట్టయ్య గడ్డం ఛాతీ మీదికి వాలిపోయి ఉంది. ఒక చెయ్యి కుర్చీలోంచి కిందికి వేలాడుతోంది. సంచి పక్కకు ఒరిగి ఒక కంకి దొర్లి బయటకు వచ్చింది, ఆయన పాదం మీద పడి ఆగింది, పాదం కదల్లేదు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ మోగింది. ఇంత మోత పక్కన ఎవరు నిద్రపోతారు? సజ్జా మీద కాకి లేదు. ఎప్పుడు ఎగిరిపోయింది? ఎందుకు ఎగిరిపోయింది?  ముట్టుకోవాలి. ముట్టుకుంటే చల్లగా ఉంటే? కేకేస్తే లోపల మైకులో వినపడుతుంది, పిల్ల లేచి పరుగెత్తుకొస్తుంది, ఇంకా అరగంట ఉంది, ఈ అరగంట మీదే ఆ పిల్ల బతుకంతా ఉంది. అరగంట ఆగితే? అయిపోయాక చెబితే? అలా అనుకున్న క్షణంలోనే తనను చూసి తనకే వణుకు పుట్టింది. అవతల ఒక పరీక్ష, ఇవతల ఒక తండ్రి, మోగుతున్న ఫోను. మళ్లీ అదే కొలతలు వేస్తున్నావా కల్యాణీ, మళ్లీ రెండు పెన్నులు తీసుకుని పోతావా?

"బాపూ!" అని అరిచింది. గాజు అవతల దీక్షిత తల ఇటు తిరిగింది. "బాపూ, లే! బాపూ!" భుజం పట్టుకుని ఊపింది, ఇస్త్రీ చొక్కా నలిగిపోయేలా.

"ఆఁ... ఏంది బిడ్డా" అని కట్టయ్య కళ్లు తెరిచాడు. ఎర్రగా ఉన్నాయి కళ్లు, నిద్రతో. భుజం వెచ్చగా ఉంది. "మూడు గొట్టంగ లేచినం గదా, జర కన్నంటుకుంది." తీరిగ్గా జేబులోంచి ఫోన్ తీశాడు. "ఆఁ మైసమ్మా. ఇంక కాలే. అయినంక నేనే చేస్త, పెట్టెయ్" అని భార్యకు చెప్పి, కిందపడ్డ కంకి తీసి సంచిలో వేసుకుని, కల్యాణి ముఖం చూసి కంగారు పడ్డాడు. "ఏమైంది బిడ్డా, గట్ల చెమటలు వట్టినయ్?" ఆయన పిలుపులో మేడం పోయి బిడ్డ వచ్చింది. కల్యాణి నేల మీదే కూలబడింది, స్తంభానికి వీపు ఆనించి. కట్టయ్య ముందుకు వంగి గొంతు తగ్గించాడు, "ఏడ్చిందంటనా మరి?"

"ఎవలు?"

"లోపల గా తెల్ల మేడం. నేను సచ్చిపోయిన్నని రాసిన్రు గదా మీరు."

 కట్టయ్య పొలంలో ఎరువు గురించి చెబుతున్నంత మామూలుగా చెప్పుకుపోయాడు. "ఎండకాలం పొలం కాడ కాకి తన్నింది బిడ్డా, గిదో గిక్కడ, నెత్తి మీద. వాళ్ల తమ్మునికి కబురు పంపుత అన్నది మైసమ్మ. గా బామ్మర్ది నా సావు ఇన్నా ఏడ్వడు, పండుగ చేసుకుంటడు, గానికి పంపి లాభమేంది అన్న. గంతల్నే నా బిడ్డ మీ కాయితం సదివి ఇనిపిచ్చింది. బాపూ, అక్క గిట్ల రాసింది, తీసెయ్యమంటనా అని ఏడుపు మొకం వెట్టింది. వద్దు బిడ్డా, ఉండనియ్, దేశం గాని దేశం దాంక పోయింది కబురు, గంత దూరంల ఒకలు ఏడ్సిన్రంటే ఇగ నాకేం గాదు అన్న." నవ్వాడు, పుచ్చిపోయిన పన్ను కనపడేలా. "గని ఏడ్చినంక నిజం చెప్పాలె గదా. చెప్పకుంటే గది అట్లనే నిలవడ్తది. పొద్దుగాల బస్సుల మంచిగ చెప్పిన, మర్వకు, గా మేడం కండ్లల్ల నీళ్లు రాంగనే చెప్పెయ్, మా బాపు బయట కూసున్నడని. ఉట్టిగ చెప్తె నమ్మరు, సూపియ్యాలె మనిషిని. గందుకే నేనొచ్చిన."

చెప్పకపోతే అలాగే నిలబడుతుంది. పాపయ్య విషయంలో ఎవరూ చెప్పలేదు. ఆ కబురు అలాగే నిలబడిపోయింది, ఎనిమిది నెలలు నిలబడి నిలబడి మనిషిని తీసుకుపోయింది. అలా అనుకోకూడదు, పాపయ్యకు షుగర్ ఉంది, బీపీ ఉంది. అయినా అనుకుంది. ఆ వెంటనే రెండో భయం మొదటిదాన్ని తోసుకుని వచ్చింది. చెబుతుంది! ఈ పిల్ల లోపల చెప్పేస్తుంది! ఫైల్లో అబద్ధం ఉందని పిల్ల నోటితోనే తేలితే స్కాలర్‌షిప్ కాదు కదా, ఇంకే యూనివర్సిటీ గడపా తొక్కనివ్వరు. లేచింది, తలుపు వైపు పరుగెత్తింది, పిడి మీద చెయ్యి వేసేలోపు తలుపే లోపలినుంచి తెరుచుకుంది. దీక్షిత హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడుతుండగా నిలబడి ఉంది.

"చెప్పిన అక్కా" అంది.  "మేడం ఏడుస్తదని చూసిన. ఏడ్వలే. సారీ అన్నది, నీళ్లు తాగు, తొందరేం లేదన్నది. గంత మంచిగ మాట్లాడుతుంటే, నువ్వు బాపూ అని మొత్తుకున్నవు. ఇగ ఆగలేకపోయిన."

"ఏమన్నది?"

"కండ్లద్దాలు తీసింది. నీది నువ్వు రాసి శుక్రవారం దాంక పంపు, మల్ల మాట్లాడుకుందాం అన్నది. గా వాగు సంగతి చెప్పిన అక్కా, మంచం మీద దాటిచ్చింది. గది రాయమన్నది." ఊపిరి పీల్చుకుంది. "గని ముందుగాల గిది రాసినామెతోని మాట్లాడాల్నట. గీ కాయితంల సచ్చిపోయిన మనిషి ఎవలో తెల్వాల్నట. ఎవలూ రాకుంటే గీ ఫైలు గిప్పుడే మూసేస్తరట."

ఎవరూ రాకపోతే. బల్ల కింద రౌటర్ తీగ కల్యాణి పాదానికి రెండడుగుల దూరంలో ఉంది. కాలితో లాగితే చాలు. నెట్ పోయిందని, జనగామలో కరెంటు తీగలు తెగాయనో ఇంకోటో మెయిల్ పెడితే చాలు, నరేందర్ ఎన్నిసార్లు చేయలేదు ఆ పని. లోపలికి వెళితే ఉద్యోగం ఉండదు. ఈ ఆఫీసు పేరు అక్కడ నల్ల జాబితాలో రాసుకుంటారు. వేణు ఫైలు బయటకు రావచ్చు, తండ్రిని రెండుసార్లు పోగొట్టుకున్న ఆ పిల్లవాడికి చదువు కూడా పోవచ్చు. ఇవన్నీ భయాలే, నిజమైన భయాలే, కానీ వీటన్నిటికంటే పెద్దది ఇంకోటి ఉంది. ఆ కుర్చీలో కూర్చుంటే, బాపు పోయిన రోజు ఎక్కడున్నావని ఎవరో అడుగుతారు. పదకొండేళ్లుగా ఎవరూ అడగలేదు. యాడి అడగలేదు, అమర్‌సింగ్ అడగలేదు. అడగకుండా వదిలేశారు కాబట్టే బతుకుతోంది. తీగ వంక చూసింది. పిల్ల వంక చూసింది. ఆ పిల్ల కుడిచెయ్యి తనకు తెలియకుండానే పైకెత్తి తలుపు అంచు పట్టుకుని ఉంది, సెలైన్ సీసా పట్టుకున్నట్టే.

"నేను గూడ రావాల్నా బిడ్డా?" అని కట్టయ్య వెనకనుంచి అడిగాడు.

"రాన్రి బాపూ" అంది కల్యాణి.

తెర మీద మేరియన్ ఉంది, ముసలావిడ. తెల్లజుట్టు, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు. కట్టయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. ఆవిడ ఒక్క క్షణం ఆయన్నే చూసి, మెల్లగా తనూ చేతులు జోడించింది, అలవాటు లేని చేతులతో. తర్వాత కల్యాణి వైపు తిరిగింది. కోపంగా అడిగినా బాగుండేది, నెమ్మదిగా అడిగింది, తన ఇంగ్లీషులో ఒక్కో మాటా విడివిడిగా. ఈ తండ్రి ఎవరి తండ్రి? మా నాన్న, అంది కల్యాణి. పేరు తావుర్యా. ఆ పేరు ఆ గదిలో, ఆ భాష మధ్యలో, తన గొంతులోంచి వినిపించి తనే ఉలిక్కిపడింది. ఎన్ని పేజీల్లో ఆయన్ని చంపిందో గానీ ఎక్కడా పేరు రాయలేదు. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని కాగితం వంక చూసింది. ఇక్కడ రాసినట్టు, ఆఖర్న మీరు ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నారా?

కెమెరా కళ్లలోకి చూడాలి. రెండు సెకన్లు ఆగాలి. ఆ తర్వాత అవునని చెప్పి వేరే మాటలోకి వెళ్లిపోవాలి. నలభై మంది పిల్లలకు నేర్పిన విద్య అది. కల్యాణి కెమెరా కళ్లలోకి చూసింది. రెండు సెకన్లు ఆగింది. లేను, అంది. కబురు వచ్చింది, నేను నమ్మలేదు, పరీక్ష రాయడానికి వెళ్లాను. ఆ తర్వాత ఇంకేదో చెప్పబోయింది, ఇంగ్లీషులో ఏదో మర్యాదైన ముక్క. అది రాలేదు. దాని బదులు కడుపు అడుగునుంచి ఒక పొడుగాటి ఏడుపు వచ్చింది, రాగంతో, తండాలో ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడ్చే ఏడుపు. దాన్ని ఆపడానికి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, వేళ్ల సందుల్లోంచి వచ్చింది.

తెర మీద ఆవిడ కదలకుండా కూర్చుంది. కట్టయ్యకు భాష తెలియదు. కూతురి వైపు బెదురుగా చూశాడు. "ఎవల కోసం ఏడుస్తుంది బిడ్డా?" అని అడిగాడు. "వాళ్ల బాపు కోసం" అంది దీక్షిత. అయ్యో అని ఆయన కల్యాణి పక్కకు వచ్చి, మక్క పొట్టు వాసన వేసే చెయ్యి ఆమె తల మీద వేశాడు.

"ఎప్పుడు పోయిండు బిడ్డా మీ బాపు?"

"గిప్పుడే" అంది కల్యాణి. "గిప్పుడే కబురొచ్చింది."